ఒక్క దీర్ఘం తేడా

సూర్యం చనిపోయాడన్న కబురుతో పాటు చిలకమ్మకి ఒక మాట దొరికింది. ఆ మాట పట్టుకునే ఆవిడ ఏడాది బతికింది.

కబురు తెచ్చింది చక్రధర్‌పూర్ కుర్రాడు. లడఖ్ మంచుకొండల మీద సూర్యంతో ఒకే బంకరులో ఉండేవాడు. ఆ పూట కాపలా పడబట్టి వాడు ప్రాణంతో మిగిలాడు. సెలవు మీద ఇంటికి పోతూ సూర్యం ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, టాటానగర్ పక్క పర్సుడీహ్‌లో తెలుగువాళ్ళ సందు వెతుక్కుంటూ వచ్చాడు. సూర్యం వాడికి నాలుగు తెలుగు ముక్కలు నేర్పినట్టున్నాడు. గుమ్మంలో నిలబడి "అమ్మా" అన్నాడు. కూర్చోబెట్టి పళ్ళెం తేబోతే "అన్నం వద్దు" అన్నాడు. ఆ తర్వాత ఏడుపు ముంచుకొచ్చి హిందీలో పడిపోయాడు. ఆ హిందీ వరదలో చిలకమ్మకి అర్థమైంది ఒక్కటే.

"జాలీ నే మార్ దియా, అమ్మా. జాలీ నే."

చిలకమ్మది కార్ఖానా హిందీ. మొగుడు పోయాక రేజా పనిలో, అంటే తట్టలు మోసే ఆడకూలీ పనిలో, నేర్చుకున్న హిందీ. ఎత్తు, దించు, జరుగు, ఆపైన తిట్లు. అందులో జాలీ అన్న సరుకు ఎప్పుడూ తగల్లేదు. అమ్మా అన్నట్టే, అన్నం వద్దు అన్నట్టే, ఈ మాట కూడా కుర్రాడు తెలుగులోనే చెప్పాడనుకుంది. జాలి చంపేసిందంటున్నాడు! అంతే అయ్యుంటుంది మరి. చిన్నప్పుడు టాటానగర్ స్టేషన్లో ఎవడో ముష్టివాడు వణుకుతున్నాడని ఒంటిమీది చొక్కా విప్పి ఇచ్చేసి, తల్లి చేత వీపు విమానం మోత మోగించుకున్న వెధవ వాడు. అక్కడా అదే చేసుంటాడు. తన రగ్గు ఎవడికో కప్పి, తను చలికి కొయ్యబారిపోయి ఉంటాడు.

అలా చిలకమ్మ తన కొడుకు చావుకి ఒక కథ కట్టుకుంది. వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పింది. కోడలు రత్నం మాత్రం గోడవైపు తిరిగి పడుకునే ఉండేది.

పరామర్శకి బంగారురాజు కూడా వచ్చాడు. ఆయన సామాన్యుడు కాడు. ఊళ్ళో తెలుగు సంఘానికి అధ్యక్షుడు. బిష్టుపూర్‌లో ఆఫీసు, బిర్సానగర్ వెనక ఇనపపని షెడ్డు, తెల్లటి అంబాసిడర్ కారు. ఆ కారు సందులోకి పట్టక మొదట్లోనే ఆగిపోతే, అరటిపళ్ళ గెల పట్టించుకుని నడిచి వచ్చాడు.

"ఎలగ జరిగినాదమ్మా?" అని అడిగాడు.

"జాలి సంపేసినాది బాబూ. ఆడి నేస్తుడే ఒచ్చి సెప్పినాడు. జాలి వల్లే పోనాడు."

బంగారురాజు ఒక్క క్షణం ఆగాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. అది దుఃఖమనుకుంది చిలకమ్మ.

"అవునమ్మా, జాలే. నాకూ అలగే తెలిసినాది" అన్నాడాయన.

ఆ రోజు నుంచీ సూర్యం కథని చిలకమ్మకంటే ఆయనే బాగా చెప్పేవాడు. సంఘం మీటింగులో చెప్పాడు. ఉగాదికి చెప్పాడు. తన రగ్గుని తోటివాడికి కప్పిన తెలుగు బిడ్డ అంటూ గొంతు వణికించి చెబితే, ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు తడుపుకునేవారు. సంఘం హాలు ముందు పాలరాయి పెట్టిస్తాననీ, దానిమీద 'జాలిగుండె సూర్యం' అని చెక్కిస్తాననీ అన్నాడు. ఈ వయసులో తట్టలు మోయడమేమిటని చిలకమ్మని తన షెడ్డులో పనికి పెట్టుకున్నాడు. ఆఫీసు గది ఊడవాలి, టీ కాయాలి, శీతాకాలం పొద్దున్నే గదిలో పొయ్యి రాజెయ్యాలి. దేవుడు కొడుకుని తీసుకుని ఈయన్ని ఇచ్చాడనుకుంది పిచ్చి తల్లి. ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టని రోజు లేదు.

తిరిగి చలికాలం వచ్చింది. షెడ్డులో పని జోరందుకుంది. మిలిటరీకి బుఖారీలు వెళ్ళాలి. బుఖారీ అంటే మరేం లేదు, ఇనప పొయ్యి. లోపల రాక్షసి బొగ్గు వేస్తారు, పొగ గొట్టంలోంచి బంకరు బయటికి పోతుంది. గొట్టం చివర మంచు పడకుండా ఒక టోపీ. ఈ పొయ్యిలు పోయేది ఆ కొండల మీదికే. రత్నం తమ్ముడు ఆదిబాబు కూడా బావ పోయిన పల్టన్‌లోనే చేరి, ఈ ఏడు అక్కడే ఉన్నాడు. ఆ పొయ్యిలు తుడుస్తున్నప్పుడల్లా చిలకమ్మ "మా ఆదిబాబుకి ఎచ్చగా ఉండాల" అని గొణుక్కునేది.

ఒకరోజు షెడ్డులో మిస్త్రీ గొంతు చించుకుంటున్నాడు. "అరే, జాలీ లావ్! జాలీ కహాఁ హై?" చిలకమ్మకి నవ్వొచ్చింది. ఇనప కొట్లో నిలబడి జాలి తెమ్మంటున్నాడేమిటి వీడు? సాయంత్రం ఇంటికెళ్ళి, పొయ్యి దగ్గరున్న కోడలికి అదే నవ్వుతూ చెప్పింది.

"ఆ మిస్త్రీగాడికి జాలి గావాలటే రత్నం! ఎవులిత్తారే ఆడికి?"

రత్నం టాటానగర్‌లో పుట్టింది, హిందీ బడిలో చదివింది. గరిటె గిన్నెలో వదిలేసి అత్తవైపు తిరిగింది.

"జాలీ మత్‌లబ్ జాలీ, అత్తా. తార్ కీ జాలీ. దోమలు రాకుండా కిటికీకి కొట్టరా, వహీ."

చిలకమ్మ నవ్వు ఆగిపోయింది. "మరి ఆ సక్రధర్‌పూర్ గుంటడు సెప్పినాడు గదే..."

"వహీ బోలా థా." రత్నం గిన్నె దించి అత్త ఎదురుగా కూర్చుంది. "అన్నీ చెప్పాడు అత్తా. పొగగొట్టం టోపీకి జాలీ ఉంటుందట. అది మసితో మూసుకుపోయింది. ఊపర్ సే బరఫ్, పైన మంచు. పొగంతా లోపలికి తన్నింది. లోపలున్న ముగ్గురూ నిద్రలోనే పోయారు. మొహాలు ఎర్రగా ఉన్నాయట, పిలిస్తే లేస్తారనుకున్నారట."

"నాకెందుకు సెప్పనేదే?"

"ఎలా చెప్పను? ఆ ఒక్క మాట పట్టుకుని మీరు లేచి కూర్చున్నారు. అదీ ఛీన్ లేతీ క్యా? లాగేసుకోనా?"

చిలకమ్మ ఏడవలేదు, కోడల్ని తిట్టలేదు. ఒక్కటే అడిగింది. "ఆ జాలీ ఎవుడు సేసినాడు?"

"వో తో నహీ మాలూమ్."

రత్నానికి తెలియదు. చిలకమ్మకి తెలియబోతోంది.

మర్నాడు షెడ్డులో చీపురు పక్కన పెట్టి కళ్ళు పెట్టి చూసింది. మిలిటరీవాళ్ళు నమూనాగా పంపిన టోపీ ఒకటి బీరువా మీద ఉంది. దాని జాలీ కన్నాల్లోంచి వేలు దూరుతుంది. కింద గుట్టగా పడి ఉన్న టోపీల జాలీ రవ్వ జల్లెడలా ఉంది. రివెట్లు కొట్టే ముసలాయన అసిరయ్య, టెక్కలి వైపు మనిషి, ఆవిడ వేళ్ళు పెట్టి చూడడం గమనించి తల దించుకున్నాడు.

"ఏటి అసిరయ్యా, ఇది అదినాగ నేదేటి?"

"ఏలంలో కిటికీ జాలీ సుట్టలు సవగ్గా దొరికినాయంట బాబుకి. అవయ్యేదాకా అదే ఏసీమన్నాడు."

"పోయినేడు?"

"పోయినేడూ ఇదే." అసిరయ్య సుత్తి కింద పెట్టాడు. "అక్కడ కుర్రోళ్ళు పోనారని పెద్దాఫీసర్లు అడిగినారు. గొట్టాలు తుడుసుకోనేదు, తప్పు ఆళ్ళదేనని బాబు తిరగేసి సెప్పినాడు. నానప్పుడు ఈడే ఉన్నాను."

"ఆళ్ళడిగింది బాబు నా ఇంటికి రాకముందా, ఒచ్చినాకా?"

"ముందే" అన్నాడు అసిరయ్య.

అప్పుడు చిలకమ్మకి ఆ క్షణం గుర్తొచ్చింది. కండువాతో మొహం తుడుచుకున్న క్షణం. అది దుఃఖం కాదు. రెండు భాషలూ వచ్చిన మనిషి, తల్లి నోట తప్పుగా పడ్డ ముక్క విని, ఇదేదో కలిసొచ్చిందే అని లెక్క వేసుకున్న క్షణం. తన కొడుకుని చంపినవాడు తన గుమ్మంలోకి వచ్చి, తన వెర్రి మాటని తనకే పంచదార అద్ది తినిపించాడు. ఏడాదిగా ఆ కాళ్ళకే దణ్ణాలు పెట్టింది తను. ఆ చేతులు నరికేసుకోవాలనిపించింది. కాదు, ఆ కాళ్ళు నరకాలనిపించింది. ఇంటికి పోయి కత్తిపీట ముందేసుకుని కూర్చుంది.

రత్నం భయపడిపోయింది. "వద్దు అత్తా. వచ్చే బుధవారం మేజర్ సాబ్ సరుకు పాస్ చెయ్యడానికి వస్తున్నాడట కదా. ఆయనకి చెబుదాం."

"రేజాదాని మాట ఎవుడింటాడే? కొడుకు పోయి మతి పోనాదంతారు. బాబు రెండు ఏడుపు మాటలు సెప్పీసి, దండేసి పంపేత్తాడు. పెట్టెలు బండెక్కిపోతాయి." చిలకమ్మ కత్తిపీట మడిచి గోడకి చేర్చింది. "ఆడి నోటితోనే సెప్పించాల. ఆడి నోటితోనే!"

ఆఫీసు గదిలో చిలకమ్మ రోజూ రాజేసే పొయ్యి కూడా బుఖారీయే. వచ్చిన ఆఫీసర్లకి చూపించడానికి పెట్టించినది కాబట్టి దాని గొట్టానికి పెద్ద కన్నాల టోపీ ఉండేది. తన ఊపిరి దగ్గరకొచ్చేసరికి బంగారురాజు ఎక్కడా తేడా రానివ్వలేదు మరి. అసిరయ్య గోడకి నిచ్చెన వేసి ఆ టోపీ తీసేశాడు, షెడ్డు సరుకులోంచి ఒకటి బిగించాడు. ఎందుకని అడగలేదు. ఆ తర్వాత రోజూ చిలకమ్మ పొద్దున్నే వచ్చి పొయ్యి రాజేసి, తలుపులు బార్లా తీసి, తను బయట కూర్చునేది. బాబు వచ్చే వేళకి ఆర్పేసేది. ఇంకేం చెయ్యలేదు. మసి పట్టి మూసుకుపోయే పని ఆయన కొన్న జాలీయే చూసుకుంది.

బుధవారం మాత్రం పొయ్యి ఆర్పలేదు. మేజరు జీపు దిగి, బంగారురాజుతో చేతులు కలిపి, పెట్టెలు చూడడానికి షెడ్డులోకి నడిచాడు. రత్నం అత్తకి అన్నం తెచ్చిన వంకతో గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "బాబూ, ఒకపాలి గదిలోకి రండి. ఆఫీసరుబాబుకి ఏ కప్పులెట్టాలో సెప్పండి" అని పిలిచింది చిలకమ్మ. ఆయన విసుక్కుంటూ లోపలికొచ్చాడు.

చిలకమ్మ తలుపు మూసింది. అది ఆయన షెడ్డులోనే చేసిన ఇనప రేకు తలుపు. తాళం వేసి తాళంచెవి రొంటిన దోపుకుంది. గదికి ఉన్నది ఒక్క వెంటిలేటరు. చలి కొడుతోందని దానికి అట్టముక్క కొట్టించింది కూడా ఆయనే.

"తలుపేసినావేటే చిలకమ్మా?"

"సలి బాబూ. కూకోండి." పొయ్యిలో మరో పార బొగ్గు వేసి, ఆయనకి ఎదురుగా నేలమీద కూలబడింది. "మా సూర్యం కూకున్నట్టు కూకోండి తవరు కూడాను."

బంగారురాజు ముక్కు ఎగబీల్చాడు. గొట్టం అతుకుల్లోంచి పల్చగా పొగ కారుతోంది. ఆయన ఇనపపనివాడు, చూడగానే తెలిసిపోయింది. గొట్టం వంకా, ఆవిడ వంకా చూశాడు.

"పైన టోపీ ఎవులు మార్సినారు?"

"నానే మార్పించినాను. తవరు సేయించిందే బాబూ, ఒక్క రివెట్టు తేడా నేదు. భయమెందుకు?"

ఆయన తలుపు మీదికి ఉరికాడు. పిడికిళ్ళతో బాదాడు. తాళంచెవి ఇమ్మని ఆవిడ మీదికి వంగి, దగ్గు తెర పట్టుకుని వెనక్కి తూలాడు. కాళ్ళ నొప్పులు, షుగరు, అరవై ఏళ్ళ ఒళ్ళు. తట్టలు మోసిన ఆ చేతుల్ని దాటి తాళంచెవి లాక్కోవడం ఆయన తరం కాలేదు. చిలకమ్మకి కూడా కణతలు పగిలిపోతున్నాయి. ఆ నొప్పి ఆవిడకి బాగుంది. తన కొడుక్కి కూడా ఇలాగే మొదలై ఉంటుందనుకుంది. వాడు నిద్రలో ఉన్నాడు, వీడు మెలకువగా ఉన్నాడు. ఈ తేడా కోసమే ఇంత పనీ చేసింది.

"సచ్చిపోతామే! నీకేం గావాలే, ఇత్తాను, తలుపు తియ్యి!"

"సెప్పు." తవరు అన్న మాట పోయింది. "గట్టిగా సెప్పు. బయట ఆఫీసరున్నాడు. ఆడికి తెలుగు రాదు, హిందీలో సెప్పు. ఏటయినాదో సెప్పు."

"జాలీ జామ్ హో గయా! ఖోలో! దమ్ ఘుట్ రహా హై!"

"ఎవుడి జాలీ?"

"మేరా! మేరా జాలీ!"

"పెట్టెల్లో ఏ జాలీ ఉన్నాది?"

ఆయన నోరు మూసుకున్నాడు. ఆ స్థితిలో కూడా ఆయన బుర్ర సరుకు గురించి ఆలోచించింది. చిలకమ్మ పార అందుకుని పొయ్యిలో మళ్ళీ బొగ్గు వేసింది. బంగారురాజు మోకాళ్ళ మీద పడి, తలుపు కింద సందులో నోరు పెట్టి అరిచాడు.

"వహీ జాలీ! సబ్ మే వహీ హై! గలత్ జాలీ హై! సాబ్, ఖులవాయియే!"

అన్నిట్లోనూ అదే తప్పుడు జాలీ అన్న మాటకి బయట గొంతులు ఒక్కసారి ఆగిపోయాయి. తర్వాత మేజరు గొంతు, ఇనుము మీద గునపం దెబ్బలు, రత్నం కేకలు. తలుపు గట్టిది, ఊడి రావడం లేదు. బంగారురాజు నేలమీద బోర్లా పడ్డాడు. ఆయన కేకలు గురకలా మారాయి. ఎర్రబడుతున్న ఆ మొహం కేసి చిలకమ్మ కళ్ళార్పకుండా చూసింది. ఇంకాసేపు ఊరుకుంటే చాలు. తను కూడా పోతుంది, పోనీ. చెవి రొంటినే ఉంది. దాన్ని ముట్టుకోవాలని ఆవిడకి లేదు.

"అత్తా!" రత్నం ఏడుస్తూ తలుపు బాదుతోంది. "పోయినేడు ఈ జాలీ పొయ్యిలు ఏయే పోస్టులకి వెళ్ళాయో ఇతనొక్కడికే తెలుసని మేజర్ సాబ్ అంటున్నాడు! ఆదీ కే పాస్ భీ వహీ హోగా, వాడి దగ్గరా అదే ఉంటుంది! ఇతను చస్తే ఎవరు చెబుతారు, అత్తా? ఆదిబాబుని చంపుతారా?"

చిలకమ్మ ఆ మొహాన్ని మరోసారి చూసింది. చచ్చిపోతే హాయిగా తప్పించుకుంటాడు. నోరు కూడా తనతోనే పట్టుకుపోతాడు. తాళంచెవి తీసింది. వేళ్ళు పట్టు తప్పి రెండుసార్లు జారింది. తలుపు తెరుచుకున్నాక ఆయన కాళ్ళు పట్టుకుని బయటికి ఈడ్చింది కూడా ఆవిడే. ఈడ్చి, గాలి తగిలి కళ్ళు తెరిచాక, మొహం మీద ఉమ్మేసింది.

మేజరు ఆ మధ్యాహ్నం పెట్టెలన్నీ విప్పించాడు. బంగారురాజు టీ కూడా ముట్టకుండా, పాత సరుకు ఎక్కడెక్కడికి పోయిందో గుర్తున్నంతవరకూ చెప్పాడు. సాయంత్రానికల్లా కొండల మీదికి వైర్‌లెస్ కబుర్లు వెళ్ళాయి. ఆదిబాబు బంకరులోని టోపీని పీకి మంచులోకి గిరాటేశారు. మసి పట్టి గోడలా ఉందిట. ఆ కబురు తెలిసిన రోజు రత్నం అత్త ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. సంఘం హాలు ముందు పెట్టాల్సిన పాలరాయి హాలు వెనక బోర్లా పడి ఉంది.

కేసు పడింది. బంగారురాజు జామీను మీద బయటికొచ్చాడు. చిలకమ్మ మీదా కేసు పెట్టబోతే, మేజరు వచ్చి సాక్ష్యం చెబుతాననడంతో బంగారురాజు ప్లీడరే వద్దన్నాడట. ఎండలు మొదలయ్యాక ఒకరోజు బంగారురాజు భార్య గౌరీదేవి పర్సుడీహ్ సందులోకి నడిచి వచ్చింది. ఆవిడ చెడ్డది కాదు. గుమ్మంలోనే నిలబడి చేతులు జోడించింది.

"సిలకమ్మా, ఆయన గదిలో పడుకోలేకపోతున్నారు. తలుపేత్తే అరుత్తన్నారు. ఫ్యాను కింద పడుకున్నా ఊపిరాడదంటారు. కన్ను మూతపడితే సాలు, లేపండి లేపండి అని కేకలు. వరండాలో నేలమీద కూకునే తెల్లారుత్తన్నారు. సిక్కి సగమైపోనారు. నువ్వు కోర్టులో ఒక్క ముక్క సెప్పు తల్లీ, భయంలో ఏదో అనేసినాడని. నీ కాళ్ళట్టుకుంటాను."

చిలకమ్మ పీట వేసి ఆవిడని కూర్చోబెట్టింది. మంచినీళ్ళిచ్చింది.

"కన్ను మూసినప్పుడల్లా అరుత్తన్నాడా అమ్మా?"

"మూసినప్పుడల్లా."

"పగలు కూడానా?"

"పగలు కూడా. ఎలగ బతకాలో తెలీడం నేదు."

చిలకమ్మ ప్రతి మాటా శ్రద్ధగా విన్నది. దగ్గు వస్తోందా, చెమటలు పోస్తున్నాయా, ఎవరి పేరైనా పలవరిస్తున్నాడా అని ఒక్కొక్కటీ అడిగి చెప్పించుకుంది. గౌరీదేవి ఆశగా అన్నీ చెప్పింది. ఇంత అడుగుతోందంటే మనసు కరిగిందనుకుంది పాపం.

"కోర్టులో ఉన్నదే సెప్తాను" అంది చివరికి చిలకమ్మ. "మీరు మాత్రం రోజూ రండమ్మా. ఎండకి ఓపిక నేకపోతే కబురెట్టండి, నానే ఒత్తాను. ఎలగ తొంగున్నాడో, ఎలగ లేసినాడో నాకు రోజూ సెప్పండి."

గౌరీదేవి కాసేపు ఆవిడ మొహంలోకి చూసి, నీళ్ళ గ్లాసు కింద పెట్టి, కొంగు నెత్తిన కప్పుకుని వెళ్ళిపోయింది. రత్నం అత్తవైపు చూడలేక వంటింట్లోకి నడిచింది. ఆ పూట చిలకమ్మ రెండోసారి అడిగి మరీ అన్నం పెట్టించుకుంది.